ఆస్తియు స్వాతంత్ర్యమును: ప్రూధాన్ జీవితము

పాలకుడు లేక సంఘము నిలువగలదా యను ప్రశ్న మిక్కిలి పాతది. నిలువగలదని బదులు చెప్పినవారిలో రెండు తెగలవారు కలరు. మనుష్యుడు తన కష్టముచే గడించిన దానిని ప్రభుత్వము ముట్టరాదనియు, క్రయ విక్రయములు, ఋణములు, ఒడంబడికలు జనుల యిష్టమునకే విడువవలయుననియు ఒక తెగవారు వాదింతురు. నేడు వీరిని స్వేచ్ఛావాదులందురు. రెండవ తెగవారు ప్రభుత్వమునే గాక, కౌలుచేతను వడ్డీచేతను పనివానిని కట్టివేయు ధనికుని పెత్తనమును సయితము కాదందురు. వీరు అరాజకవాదులు. మొదటివారి దృష్టిలో రెండవవారు ఆస్తికి శత్రువులు. రెండవవారి దృష్టిలో మొదటివారు ధనికులకు వకీళ్లు. ఈ రెండు వాదములను తన యొక్కని హృదయమున ధరించి, జీవితమంతయు ఒకదానితో నొకటి తూచి చూచిన పురుషుడు ఫ్రాన్సు దేశీయుడగు పియేర్ జోసెఫ్ ప్రూధాన్. ఆస్తి దొంగతనమని లోకమును అదరగొట్టినవాడు ఆయనయే. ఆస్తి లేనిచో ప్రభుత్వము నెదుర్కొను కోట ప్రజలకు వేరొకటి లేదని కడపట వ్రాసినవాడును ఆయనయే. ఈ రెండు మాటలకును పొత్తు ఎట్లు కుదిరెనో తెలియవలెనన్న ఆయన చరిత్రమును ఆదినుండి చూడవలెను.

ప్రూధాన్ 1809వ సంవత్సరము జనవరి 15వ తేదీన ఫ్రాన్సు తూర్పు భాగముననున్న బెజాన్సన్ పట్టణమున జన్మించెను. తండ్రి పీపాలు చేయు పనివాడు. కొంతకాలము సారాయి వంటి తీక్ష్ణ పానీయము గాక బార్లీతో చేయు బీరు కాచి అమ్ముకొని జీవించెను. తల్లి పెండ్లికి పూర్వము వంటపనిచేసి బ్రదికిన పల్లెటూరి స్త్రీ. తండ్రి తన సరకునకు ఖర్చును, తన పనికి తగిన కూలియు మాత్రము కలిపి వెల కట్టెడివాడు. అంతకు మించి లాభము తీయుట అధర్మమని ఆయన నమ్మిక. ఇరుగు పొరుగు వర్తకులు ధనికులైరి. ఆయన ఉన్న కాస్త భూమియు పోగొట్టుకొనెను. న్యాయమైన వెల యనగా నేమి, న్యాయముగా అమ్మినవాడేల చెడిపోయెను అను చింత ఆ బాలుని మనసున ఆనాడే నాటుకొనెను.

బాల్యమున పసులను కాచిన ప్రూధాన్ ధర్మవేతనముపై పట్టణపు కళాశాలలో చేరెను. పుస్తకములు కొనుటకు డబ్బు లేమి తోటి విద్యార్థుల పుస్తకములను తీసికొని పాఠములు వ్రాసికొనెడివాడు. కాళ్లకు కొయ్యజోళ్లతో వచ్చు ఈ బాలుడు బహుమానములు గెలుచుకొనుచుండెను. కాని కుటుంబము పూర్తిగా చితికిపోవుటచే చదువు ముగియకయే అచ్చుకూటమున పనికి కుదురవలసి వచ్చెను. అక్షరములు కూర్చుట, ప్రూఫులు దిద్దుట ఆయన వృత్తి. ఆ కాలమున అచ్చుకూటము బీదవానికి విశ్వవిద్యాలయము వంటిది. లాటిను బైబిలు ప్రూఫులు దిద్దుచు హీబ్రూ భాష నేర్చెను. వేదాంత గ్రంథములు దిద్దుచు మతశాస్త్రము నేర్చెను. సంఘసంస్కర్తయగు ఫూర్యే గ్రంథమొకటి 1829లో ఆ కూటముననే అచ్చగుచుండగా దానినిగూడ చదివెను. తరువాత కొందరితో కలిసి స్వంతముగా చిన్న అచ్చుకూటమును పెట్టెను. అది నష్టపడి మూతపడెను. దాని అప్పు అనేక సంవత్సరములు ఆయనను వెన్నాడెను. వడ్డీని గూర్చి ఆయన పిమ్మట వ్రాసిన దంతయు పుస్తకజ్ఞానము గాదు, ఋణగ్రస్తుని అనుభవము.

1838లో బెజాన్సన్ విద్వత్పరిషత్తు ఆయనకు మూడేండ్లపాటు సంవత్సరమునకు 1,500 ఫ్రాంకుల చొప్పున విద్యావేతనము నొసగెను. ఆ ధనముతో పారిసు నగరమున చదువుకొని 1840లో ఆస్తి యనగానేమి యను గ్రంథమును ప్రకటించి, దానిని ఆ పరిషత్తునకే అంకితము చేసెను. గ్రంథమును చూచి పరిషత్తువారు నివ్వెరపోయిరి. అంకితమును తొలగింపుమని యాజ్ఞాపించిరి. వేతనమును నిలుపుటకును యోచించిరి. మంత్రులు అభియోగము తెచ్చుటకు సిద్ధమగుచుండగా, ఆడాల్ఫ్ బ్లాంకీ యను అర్థశాస్త్రవేత్త ఇది శాస్త్రగ్రంథమే కాని అల్లరిపత్రము కాదని అభిప్రాయమిచ్చుటచే గండము గడచెను.

ఆ గ్రంథమున ప్రూధాన్ చెప్పిన దేమి? మన ధర్మశాస్త్రములు భుక్తికిని స్వామ్యమునకును భేదము చెప్పినట్లే ఆయనయు ఒక భేదము చేసెను. రైతు దున్నుచున్న చేను, సాలెవాడు నేయుచున్న మగ్గము, కుటుంబము కాపురమున్న ఇల్లు ఇవి అనుభవములోనివి. వీనిని ఆయన ఎన్నడును కాదనలేదు. దున్నక, నేయక, కాపురముండక, కేవలము పత్రబలముచే పరుల కష్టములోనుండి భాగము లాగుకొను హక్కును మాత్రమే దొంగతనమనెను. నూరుగురు కలిసి ఒక్కనాడు చేయు పనిని ఒక్కడు నూరునాళ్లు చేసినను నెరవేర్పలేడు. అయినను యజమాని నూరుగురికిని విడివిడిగా కూలి యిచ్చి, వారి కలయికవలన పుట్టిన బలమునకు మాత్రము ఏమియు ఈయడని ఆయన చూపిన యుక్తి నేటికిని బదులు సులభముగా దొరకనిది. అదే గ్రంథమున సర్వమును ఉమ్మడి చేయవలెనను వారినిగూడ ఖండించెను. బలవంతుడు బలహీనుని దోచుట ఆస్తియైనచో, బలహీనుడు బలవంతుని దోచుట ఉమ్మడితనమని ఆయన తాత్పర్యము.

ఆ గ్రంథముననే తాను అరాజకవాదినని ప్రకటించుకొనెను. ఫ్రెంచి భాషలోను మన భాషలో వలెనే ఆ మాట దోపిడికిని గందరగోళమునకును పర్యాయపదముగా నుండెను. తిట్టుగానున్న మాటను బిరుదుగా ధరించిన ప్రథముడు ప్రూధానే. రాజు లేనిచో క్రమము లేదని లోకము నమ్ముచుండగా, నిజమైన క్రమము సమానుల ఒడంబడికలనుండియే పుట్టునని ఆయన ప్రతిపాదించెను. మాట తప్పక యుండుట, లెక్క సరిగా చూపుట, ఇచ్చినదానికి సరియైనది పుచ్చుకొనుట ఇవియే ఆయన శాసనములు.

1842లో భూస్వాములకు హెచ్చరికగా వ్రాసిన మూడవ గ్రంథమునకై బెజాన్సన్ న్యాయస్థానమున విచారణ జరిగెను. జ్యూరీవారు ఆయనను నిర్దోషియని విడిచిరి. తరువాత కొన్ని సంవత్సరములు లియాన్ నగరమున పడవల రవాణా వ్యాపారసంస్థలో గుమాస్తాగా పనిచేసెను. ఆ నగరము పట్టునేతకు ప్రసిద్ధి. 1831లోను 1834లోను తిరుగుబాటు చేసిన నేతగాండ్రు అచ్చట పరస్పర సహాయసంఘములు కట్టుకొనియుండిరి. దొరతనమువారి ధర్మమును గాని ధనికుల దయను గాని కోరక ఒకరికొకరు ఆదుకొను ఆ పద్ధతి ప్రూధానును ఆకర్షించెను. ఆయన సిద్ధాంతమునకు పరస్పరతావాదమను పేరు అచ్చటనుండియే వచ్చినది.

పారిసు పోయివచ్చుచుండిన దినములలో కార్లు మార్క్సుతోను, రష్యా దేశీయుడగు బకూనిన్‌తోను పరిచయము కలిగెను. 1846లో మార్క్సు తన లేఖాసంఘమున చేరుమని ఆయనను ఆహ్వానించెను. ప్రూధాన్ మర్యాదగా బదులు వ్రాసి ఒక హెచ్చరిక చేసెను. పాత మతమును కూలద్రోసి క్రొత్త మతమును నిలుపరాదనియు, తర్కమునే దైవముగా గొలుచు మతమైనను అది మతమే యనియు, విప్లవమను పేర బలప్రయోగమునకు దిగరాదనియు ఆ లేఖ సారాంశము. అదే సంవత్సరము ఆయన ఆర్థిక వైరుధ్యములను గూర్చి పెద్ద గ్రంథము వెలువరించెను. మార్క్సు 1847లో దానిని తీవ్రముగా ఎగతాళిచేయుచు వేరొక గ్రంథము ప్రకటించెను. స్నేహము ముగిసెను. ఇరువదవ శతాబ్దమున విప్లవము పేర నెలకొన్న నిరంకుశ ప్రభుత్వములను ఎరిగిన మనకు ఆ 1846 నాటి లేఖ విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

1848 ఫిబ్రవరిలో పారిసున రాజు సింహాసనమును విడిచి పారిపోయెను, ప్రజాప్రభుత్వ మేర్పడెను. ప్రూధాన్ పత్రికాధిపతియై, జూన్ నెలలో జరిగిన ఉపయెన్నికలో పారిసు ప్రాంతమునుండి 77,000 ఓట్లతో రాజ్యాంగసభకు ఎన్నికయ్యెను. ఆ నెలలోనే పని లేక అలమటించు కూలీలు వీధులలో అడ్డుగోడలు కట్టగా, ప్రజల పేరనే వెలసిన ప్రభుత్వము వారిపై ఫిరంగులు పేల్చెను. ప్రజలు ఓటువేసి నిలిపినంతమాత్రమున ప్రభుత్వము ప్రజలది కాజాలదని ఆయన ఈ దారుణమునుండి నేర్చిన పాఠము. కౌలులోను వడ్డీలోను మూడవ వంతును తగ్గించి, అందు కొంత కౌలుదార్లకును ఋణగ్రస్తులకును విడిచి, కొంత ప్రభుత్వమునకు చెందజేయవలెనని ఆయన సభలో ప్రతిపాదించెను. జూలై 31వ తేదీన ఆ ప్రతిపాదనను గర్హించుచు సభ తీర్మానించెను. తీర్మానమునకు అనుకూలముగా 691 ఓట్లు, ప్రతికూలముగా రెండే. ఒకటి ప్రూధానుది, రెండవది లియాన్ నేతగాడగు గ్రెప్పోది. ఆ శరత్కాలమున రాజ్యాంగము ఓటింపునకు రాగా దానికిని ఆయన వ్యతిరేకముగా ఓటిచ్చెను. అందలి యే నియమమో నచ్చకపోవుట కారణము గాదు. అది రాజ్యాంగమగుటయే కారణము.

సభవలన కానిది స్వప్రయత్నముచే సాధింపవలెనని 1849 జనవరిలో ప్రజల బ్యాంకును స్థాపించెను. మూలధనము 50 లక్షల ఫ్రాంకులు. భాగమొక్కటి 5 ఫ్రాంకులు. భాగములపై వడ్డీ లేదు. సభ్యులు తాము చేయు సరకులను ఆధారముచేసి చలామణి పత్రములు పొంది, వానితో ఒకరి సరకు లొకరు కొనుక్కొనవలెను. ఋణముపై మొదట నూటికి రెండు చొప్పున గైకొని, క్రమముగా నిర్వహణవ్యయము మాత్రము మిగులునట్లు దానిని దించుకొనిపోవుట ఉద్దేశము. ప్రభుత్వపు కాసు ఒక్కటియు కోరలేదు. ఎవరి ఆస్తిని లాగుకొనలేదు. బలవంతము లేశమును లేదు. వడ్డీకి కారణము ధనముయొక్క గొడ్డుతనమును కప్పిపుచ్చు గుత్తాధికారమే యనియు, గుత్త తొలగినచో వడ్డీ దానంతట నదే కరగిపోవుననియు ఆయన విశ్వాసము. కాని రాష్ట్రపతియగు లూయీ నెపోలియనును తన పత్రికలో విమర్శించినందులకు మార్చి నెలలో ఆయనకు మూడు సంవత్సరముల కారాగారమును, 3,000 ఫ్రాంకుల జరిమానాయు విధింపబడెను. బ్యాంకు వ్యవహారము నిజముగా ఆరంభము కాకమునుపే ఏప్రిలులో మూసివేయవలసి వచ్చెను. అది పరీక్షకు నిలిచి ఓడినది కాదు, పరీక్షింపబడనే లేదు. గెలిచియుండెడిదని చెప్పుటకును ఆధారము లేదు.

కారాగారమునుండియే ఆయన పత్రికలు నడిపెను, గ్రంథములు వ్రాసెను. 1849 డిసెంబరు 31వ తేదీన యూఫ్రాజీ పియెగార్ అను పనిపాటల స్త్రీని వివాహమాడెను. ఆ కాలముననే 1849 అక్టోబరు మొదలు 1850 మార్చి వరకు ఆయన పత్రికలో ఫ్రెడరిక్ బాస్టియాతో జరిగిన వాదము మన విషయమునకు ప్రాణము వంటిది. బాస్టియా దక్షిణ ఫ్రాన్సున భూవసతి గల పెద్దమనిషి, స్వేచ్ఛావాణిజ్యమునకు ప్రచారకుడు, నేటి స్వేచ్ఛావాదులు గురువుగా నెంచు రచయిత. అప్పు ఇచ్చువాడు తన సొమ్మును తాను వాడుకొను సౌకర్యమును కొంతకాలము వదలుకొనుచున్నాడు గనుక, ఆ త్యాగమునకు మూల్యము వడ్డీ యనియు, ఇది ఇరువురి సమ్మతిచే జరుగు వ్యవహారమనియు బాస్టియా వాదము. తాను వాడని సొమ్మును ఇచ్చినవానికి త్యాగ మెక్కడిదనియు, అప్పు పుట్టు చోటు ఒక్కటియే యైనప్పుడు బీదవాని సమ్మతి సమ్మతి కాదనియు ప్రూధాన్ వాదము. ప్రభుత్వము జనుల వ్యవహారములలో జోక్యము చేసికొనరాదని ఇరువురును అంగీకరించిరి. బలప్రయోగము కూడదనుటయందును భేదము లేదు. ఒడంబడికకు వచ్చిన ఇరువురును నిజముగా స్వతంత్రులా యను ఒక్కచోట మాత్రము విడిపోయిరి. స్వేచ్ఛావాదమును అరాజకవాదమును వేరుచేయు గట్టు నేటికిని ఆ చోటనే యున్నది.

1851 డిసెంబరు 2వ తేదీన లూయీ నెపోలియను సభను రద్దుచేసి సర్వాధికారి యయ్యెను. మరుసటి సంవత్సరము విడుదలయైన ప్రూధాన్, ఆ సర్వాధికారియే విప్లవమును నెరవేర్పవచ్చునని ఆశపడినట్లు కానవచ్చు గ్రంథమొకటి వ్రాసి మిత్రులచే నిందలు పడెను. ఆ ఆశ నిలువలేదు. 1858లో న్యాయమును గూర్చి వ్రాసిన బృహద్గ్రంథమున మఠాధికారులను ఖండించుటచే మరల మూడేండ్ల శిక్ష పడెను. ఈసారి బెల్జియమునకు పోయి బ్రస్సెల్సున 1862 వరకు తలదాచుకొనెను. అచ్చట 1861లో టాల్‌స్టాయి ఆయనను దర్శించెను. యుద్ధమును శాంతిని గూర్చి ఆ యేడు ప్రూధాన్ ప్రకటించిన గ్రంథముపేరే టాల్‌స్టాయి మహానవలకును పేరగుట గమనింపదగినది. 1863లో సమాఖ్య సిద్ధాంతమును గూర్చి వ్రాసెను. గ్రామములు కలిసి మండలము, మండలములు కలిసి సమాఖ్య, క్రిందివారు పైవారికి ఇచ్చిన అధికారముకంటె తమయొద్ద నిలుపుకొన్నది ఎల్లప్పుడు ఎక్కువగా నుండవలెను. ఇది ఆయన సూత్రము. పాలకులే లేని సంఘము దూరముననున్న గమ్యమనియు, అధికారమును ముక్కలుచేసి చెదరగొట్టుట దానికి మార్గమనియు ఈ దశలో ఆయన గ్రహించెను.

ఈ గ్రహింపునుండియే ఆయన ఆస్తివిషయమున కడపటి తీర్పునకు వచ్చెను. 1865 జనవరి 19వ తేదీన ఆయన మరణించిన పిమ్మట, ఆస్తిసిద్ధాంతమను గ్రంథము 1866లో వెలువడెను. రాజ్యము లోకమున నున్న శక్తులలో మిక్కిలి గొప్పది. దానికి ఎదురుబరువుగా నిలువగల శక్తి వేరొకటి ఉండవలెను. రాజు దయతో ఇచ్చి, అలిగి తిరిగి లాగుకొనగల మాన్యము అట్టి బరువు కాజాలదు. మాన్యము తిను కుటుంబము రాజాజ్ఞకు లోబడక తప్పదు. ఎవరి దయకును లోబడక, ఎవరికిని కప్పము గట్టక, తండ్రినుండి కుమారునకు దిగు భూమి గలవాడే ప్రభుత్వమును కాదనుటకు సాహసింపగలడు. అనుభవమును మెచ్చి స్వామ్యమును నిందించిన యౌవనపు తీర్పును ఆయన ఇచ్చట సవరించెను. అయినను రద్దుచేయలేదు. స్వామ్యము పుట్టుకలో స్వార్థమే యనెను; కాని అందరికిని పంచబడి, సులభమైన ఋణముచేతను సంఘములచేతను సమాఖ్యచేతను చుట్టబడినచో ఆ స్వార్థమే స్వాతంత్ర్యమునకు కాపలా యగుననెను. కొందరి చేతిలో పోగుపడినప్పుడు ఆస్తి చిన్న రాజ్యమగును. ఎల్లర చేతులలోనున్నప్పుడు పెద్ద రాజ్యమునకు ముకుత్రాడగును. ఇట్లు చూచినచో ఆయన రెండు మాటలును ఒకే న్యాయమునకు రెండు ముఖములు. ఒకడు వేరొకనిపై పెత్తనము చేయరాదు, ఆ పెత్తనము పత్రముచే వచ్చినను సరియే, శాసనముచే వచ్చినను సరియే.

ఇట్టివాని దోషములను దాచుట చరిత్రకు ద్రోహము. స్త్రీలవిషయమున ఈ సమత్వవాది కఠినుడు. వారికి గృహమే తావనెను; 1849లో జాన్ దెర్వాఁ యను వనిత శాసనసభకు అభ్యర్థిగా నిలువగా ఎదిరించెను. జెన్నీ దెరికూర్ అను విదుషి ఆయనకు గట్టి సమాధానములు వ్రాసెను. యూదులను గూర్చి స్వంత దినచర్యలో వ్రాసికొన్న ద్వేషవాక్యములు ఏ కాలమునను సమర్థింపరానివి. కూలీలు పనిమానుటను ఆయన ఒప్పుకొనలేదు. స్వేచ్ఛావాది యను మాట పుట్టుకయే ఆయన దోషములో నున్నది. 1857లో అమెరికాయందలి న్యూ ఆర్లియన్సునుండి జోసెఫ్ దెజాక్ అను ప్రవాస కార్మికుడు, స్త్రీల విషయమున ప్రూధాన్ అవలంబించిన వైఖరిని దూయబట్టుచు, సగము మానవజాతిని విడిచిన స్వాతంత్ర్యము స్వాతంత్ర్యము కాదను భావముతో ఆ క్రొత్త మాటను సృజించెను. మరుసటి సంవత్సరము న్యూయార్కున దానినే పేరుగా పెట్టి పత్రిక నడిపెను. ఆ మాట ఫ్రాన్సున అరాజకవాదులకు పేరయ్యెను. ఇరువదవ శతాబ్దమున అమెరికాలో స్వేచ్ఛావాణిజ్యమును ఆస్తిహక్కును కోరువారు దానినే తమకు పేరుగా గైకొనిరి. పోట్లాడు రెండు తెగలవారును నేడు ఒక్క బిరుదునకే దాయాదులు.

ప్రూధాన్ వెనుక రెండు పాయలు సాగినవి. ఆయన శిష్యులగు పారిసు పనివారు 1864లో లండనున వెలసిన అంతర్జాతీయ కార్మికసంఘమున ముఖ్యులైరి. 1871 నాటి పారిసు కమ్యూనునందును ఆయన సమాఖ్యభావము వినవచ్చెను. అమెరికాలో బెంజమిను టక్కరు ఆయన తొలి గ్రంథమును 1876లో ఇంగ్లీషున ప్రకటించి, 1881 నుండి 1908 వరకు లిబర్టీ యను పత్రిక నడిపెను. ధనము, భూమి, సుంకము, పేటెంటు అను నాలుగు గుత్తలను ప్రభుత్వము కాపాడుట మానినచో నిజమైన పోటీయే పనివానికి పూర్ణఫలము నిచ్చునని టక్కరు బోధించెను. స్వేచ్ఛావాదుల సంతను అరాజకవాదుల న్యాయముతో కలిపిన ప్రయత్నమిది.

ఈ కలయిక ఆచరణలో నిలుచునా యను ప్రశ్నకు ప్రూధాన్ జీవితము పూర్తి సమాధానము నీయదు. బ్యాంకు సాగలేదు, సమాఖ్యను ఆయన చూడలేదు. కాని ఆస్తి గలవారిని అడుగవలసిన ప్రశ్నను ఆయనవలె సూటిగా అడిగినవారు అరుదు. నీ భూమి నీకు స్వాతంత్ర్యమిచ్చుచున్నదా, లేక పరుని స్వాతంత్ర్యమును నీకు అమ్ముచున్నదా? మొదటిదియైనచో దానిని ప్రభుత్వమునుండియైనను కాపాడుకొమ్మనును. రెండవదియైనచో ప్రభుత్వము కాపాడినను అది నీది కాదనును. భూమిగలవారును పట్టణవాసులును ఈ ప్రశ్నను ప్రభుత్వమువారు శాసనముద్వారా అడుగువరకు ఆగక, తమంతట తామే వేసికొనుట మేలు. ఇరుగుపొరుగులు తమలో తాము న్యాయముగా తీర్చుకొన్న లెక్కలో పాలకునకు పని లేదు. తీర్చుకొనని లెక్కయే పాలకుని పిలుచును.